ఏడో రోజు పరుగు



తెల్లవారుజామున ఐదు గంటలకు మేడ్చల్ నుంచి శామీర్‌పేట వైపు, ఔటర్ రింగు రోడ్డు పక్కనున్న సర్వీసు దారిలో వెళ్లి చూడండి. పరుగెత్తేవాళ్లు గుంపులు గుంపులుగా కనిపిస్తారు. వారిలో కొందరు కానిస్టేబుల్ ఉద్యోగానికి తయారవుతున్న పిల్లలు. 2022 నోటిఫికేషన్ ప్రకారం మగపిల్లలు 1600 మీటర్లు 7 నిమిషాల 15 సెకన్లలో, ఆడపిల్లలు 800 మీటర్లు 5 నిమిషాల 20 సెకన్లలో పూర్తి చేయాల్సి వచ్చింది. వాళ్ల ముఖాల్లో ఆ లెక్కే ఉంటుంది. మిగిలినవాళ్లు నలభై దాటినవాళ్లు. డాక్టరు గారు రిపోర్టు చూసి కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టిన రోజు నుంచి పరుగు మొదలుపెట్టినవాళ్లు. నేను ఈ రెండో గుంపులోని వాణ్ణి. నా మూడు నెలల షుగరు పరీక్ష 6.3 వచ్చింది. 6.5 దాటితే షుగరు జబ్బు కిందే లెక్క. అంటే గడప మీద నిలబడి ఉన్నానన్నమాట.

పరుగు మంచిదని చెప్పడానికి ఈ వ్యాసం రాయడం లేదు. ఆ మాట ఈ పత్రికలో డాక్టర్లు ఎన్నోసార్లు రాశారు. వారానికి 150 నిమిషాలు చురుకైన నడక గానీ, 75 నిమిషాలు పరుగు లాంటి గట్టి వ్యాయామం గానీ పెద్దవాళ్లకు కావాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. అందులో వాదన లేదు. నా వాదన ఒక్కటే. మనవాళ్లు పరుగు మొదలుపెట్టాక ఆగడం మరచిపోతున్నారు. నేనూ మరచిపోయాను. అందుకు నా కాలూ, నా ఆదివారాలూ రెండూ మూల్యం చెల్లించాయి.

మొదటి మూడు నెలలు బాగానే గడిచాయి. రెండు నిమిషాలు పరుగు, రెండు నిమిషాలు నడక. పక్కనున్న మనిషితో మాట్లాడుతూ పరుగెత్తగలిగితే ఆ వేగం సరిపోతుందని మా తమ్ముడి వరసైన ఒక పి.ఇ.టి. మాస్టారు చెప్పారు. నాకు పక్కన మనిషి లేడు కాబట్టి కీర్తన పాడుకుంటూ వెళ్లేవాణ్ణి. చరణం మధ్యలో ఊపిరి తెగితే వేగం తగ్గించేవాణ్ణి. శామీర్‌పేట చెరువు కట్ట మీద సూర్యుడు ఎదురుగా లేచేవాడు, నీళ్ల మీద కొంగలు. ఈ చుట్టుపక్కల ఒకప్పుడు ఎక్కడ చూసినా ద్రాక్షతోటలే. ఇప్పుడు వాటి స్థానంలో ప్లాట్ల హద్దురాళ్లు వచ్చాయి. అయినా ఆ వేళప్పుడు ఆ గాలి పీల్చినవాడు పరుగు మానడు. మూడు నెలలకు నాలుగు కిలోలు తగ్గాను. బట్టలు వదులయ్యాయి. సంఘంలో అందరూ అడిగారు. అక్కడే గర్వం మొదలైంది.

నాకు వారంలో సెలవు ఆదివారం ఒక్కటే. పరుగెత్తేవాళ్లు వారానికి ఒకరోజు దూరం ఎక్కువ పెట్టుకుంటారు, దాన్ని లాంగ్ రన్ అంటారు. నేను దాన్ని ఆదివారం పెట్టుకున్నాను. నాలుగున్నరకు లేచి పధ్నాలుగు, పదహారు కిలోమీటర్లు పరుగెత్తి, ఆదరాబాదరాగా స్నానం చేసి ఆరాధనకు వెళ్లేవాణ్ణి. అయ్యగారు వాక్యం చెప్పడం మొదలుపెట్టగానే నా తల ముందుకు వాలేది. ఒకసారి గురక కూడా వచ్చిందట. ఇంటికి వచ్చాక మా ఇంటావిడ ఒకటే మాట అంది: "మీరు మందిరానికి వచ్చేది నిద్రపోనీకేనా? పిల్లలను తయారు చేసేది నేను, కానుక సంచి పట్టేది నేను, మిమ్మల్ని మోచేత్తో పొడిచేది కూడా నేనే." నాకు నవ్వు వచ్చింది. ఆమెకు రాలేదు.

తర్వాత ఆదివారం పరుగు మానలేదు సరికదా, మిగిలిన ఆరు రోజులూ పరుగెత్తడం మొదలుపెట్టాను. ఆగస్టులో జరిగే హైదరాబాద్ మారథాన్‌లో 21 కిలోమీటర్ల పరుగుకు పేరు ఇచ్చేశాను మరి. ఒక్కరోజు మానితే వెనకబడతానని భయం. ఏడు రోజులూ పరుగెత్తేవాడికి గుండె, ఊపిరితిత్తులు తొందరగానే అలవాటు పడతాయి, కొన్ని వారాల్లోనే ఆయాసం తగ్గుతుంది. కానీ ఎముకలకు, మడమ వెనక నరానికి అలవాటు కావడానికి నెలలు పడుతుంది. మోసం అక్కడే ఉంది. ఊపిరి "ఇంకా వెళ్లు" అంటుంది, ఎముక "ఆగు" అంటుంది. ఎముక గొంతు చిన్నది. మన చెవికి పడదు.

ఎముక ఎలా గట్టిపడుతుందో తర్వాత డాక్టరు గారు వివరించారు. పరుగు దెబ్బలకు ఎముకలో అలసిపోయిన భాగాన్ని శరీరం ముందు తొలగిస్తుంది, ఆ తర్వాతే కొత్త ఎముకను కడుతుంది. పాత గోడ పడగొట్టి కొత్త గోడ లేపినట్టే. మధ్యలో కొన్ని వారాలు అక్కడ బలం తక్కువగా ఉంటుంది. ఆ సమయంలో రోజూ అదే చోట దెబ్బ పడితే సన్నని పగులు వస్తుంది. కండరం సంగతి కూడా అంతే. పెద్ద పరుగులో ఖర్చయిన శక్తి నిల్వలు కండరాల్లో మళ్లీ నిండడానికి ఒక రోజు నుంచి రెండు రోజులు పడుతుంది. అంటే మనిషి బలపడేది పరుగెత్తుతున్నప్పుడు కాదు. పడుకున్నప్పుడు, తిన్నప్పుడు, ఊరికే కూర్చున్నప్పుడు.

నాకు మోకాలి కింద ముందువైపు ఎముక మీద నొప్పి వచ్చింది. మొదట పరుగు తర్వాత, తర్వాత పరుగులో, చివరికి మెట్లు దిగుతున్నప్పుడు కూడా. నేనేం చేశానో సిగ్గుపడుతూనే రాస్తున్నాను. మందుల దుకాణంలో నొప్పి మాత్రలు కొని, పరుగుకు ముందు ఒకటి వేసుకుని, పది రోజులు లాగాను. ఇది ఎవరూ చేయకండి. డైక్లోఫెనాక్ లాంటి మాత్రలు ఒంట్లో నీరు తగ్గినప్పుడు కిడ్నీలకు హాని చేస్తాయి. ఎండలో చెమట కారుస్తూ పరుగెత్తేవాడి ఒంట్లో నీరు తగ్గే ఉంటుంది. బి.పి., షుగరు ఉన్నవాళ్లకు ఈ ప్రమాదం ఇంకా ఎక్కువ. పైగా ఆ మాత్ర నొప్పిని దాచిందే గాని పగులును మాన్పలేదు.

డాక్టరు గారు చేసిన మొదటి పరీక్షకు పైసా ఖర్చు లేదు. "ఎక్కడ నొప్పి? ఒక వేలితో చూపించండి" అన్నారు. చూపించాను. చెయ్యి మొత్తం పెట్టి "ఇక్కడంతా" అంటే అది చాలావరకు కండరం నొప్పి అయి ఉంటుందట, ఒకే వేలు సరిపోతే ఎముకను అనుమానించాలట. ఎక్స్‌రే మామూలుగానే వచ్చింది. ఇలాంటి పగులు మొదటి రెండు మూడు వారాలు ఎక్స్‌రేలో కనిపించకపోవచ్చని, అది చూసి ధైర్యం తెచ్చుకుని మళ్లీ పరుగెత్తవద్దని గట్టిగా చెప్పారు. ఆరు వారాలు పరుగు బంద్. ఆగస్టు పరుగు పోయింది. కట్టిన డబ్బు కూడా పోయింది.

ఆ ఆరు వారాల్లో చేసేదేమీ లేక బైబిలు ఎక్కువగా చదివాను. పౌలు పరుగు గురించి రాసిన మాటలు మనందరికీ కంఠస్థమే. యూత్ కూడికల్లో బ్యానర్ల మీద కూడా అవే ఉంటాయి. కానీ నన్ను పట్టుకున్నది ఏలీయా కథ. 1 రాజులు 18వ అధ్యాయం చివర ఏలీయా నడుము బిగించి అహాబు రథానికి ముందుగా యెజ్రెయేలు దాకా పరుగెత్తాడు. కర్మెలు కొండ నుంచి అది పాతిక కిలోమీటర్ల పైమాటే అంటారు. తరువాతి అధ్యాయంలో అదే మనిషి బదరీవృక్షం కింద కూలబడి చచ్చిపోతే బాగుండునని ప్రార్థించాడు. దేవుడు అతనికి ప్రసంగం చేయలేదు. దూత వచ్చి కాల్చిన రొట్టె, నీళ్లు ఇచ్చాడు. తిని పడుకున్నాడు. మళ్లీ లేపి మళ్లీ తినమన్నాడు. ప్రవక్తకు కూడా ముందు నిద్ర, తిండి, ఆ తర్వాతే పని. నేను చిన్నప్పటి నుంచి ఈ అధ్యాయం విన్నాను గాని, కాలు నొచ్చాకే అర్థమైంది.

నా అభిప్రాయం ఇది. మన సంఘాల్లో పరుగెత్తేవాళ్లు ఆదివారం పరుగెత్తకూడదు. ఇది ధర్మశాస్త్రంలా చెప్పడం లేదు. వారంలో ఒకరోజైనా కాళ్లకు పూర్తి విశ్రాంతి ఎలాగూ కావాలి. ఆ రోజు ఏదో మనకు ముందే రాసిపెట్టి ఉన్నప్పుడు, అదే రోజును అన్నిటికన్నా పెద్ద పరుగుకు ఎందుకు వాడాలి?

"మరి ఎరిక్ లిడెల్ లాగా ఉండమంటావా?" అని మా సంఘంలో ఒక తమ్ముడు అడిగాడు. ఆ కథ సండే స్కూల్లో అందరం విన్నదే. 1924 పారిస్ ఒలింపిక్స్‌లో 100 మీటర్ల పోటీ తొలి పరుగులు ఆదివారం పడ్డాయని ఆయన ఆ పోటీకి దిగలేదు. 400 మీటర్లలో 47.6 సెకన్లతో బంగారు పతకం గెలిచాడు. మరుసటి ఏడు మిషనరీగా చైనా వెళ్లిపోయాడు. అయితే సండే స్కూల్లో సాధారణంగా చెప్పని భాగం ఒకటుంది. యుద్ధకాలంలో జపాను సైన్యం ఆయనను వేయ్‌షియన్ నిర్బంధ శిబిరంలో పెట్టింది. అక్కడి పిల్లలకు ఆయనే ఆటలు ఆడించేవాడు, ఆదివారం తప్ప. పిల్లలు ఒక ఆదివారం తమంతట తామే హాకీ ఆడుకుని కొట్టుకున్నారు. ఆ తర్వాత ఆదివారం ఆయనే వెళ్లి రిఫరీగా నిలబడ్డాడని ఆ శిబిరంలో బతికినవాళ్లు చెప్పారు. 1945 ఫిబ్రవరిలో మెదడులో కణితితో అక్కడే చనిపోయాడు. పతకం కోసం మార్చని నియమాన్ని పిల్లల కోసం మార్చాడు. కాబట్టి ఏడాదికి ఒకసారి ఆదివారం నాడు జరిగే మారథాన్‌కు వెళ్లి, సాయంత్రం ఆరాధనకు వచ్చే తమ్ముణ్ణి నేను తప్పుపట్టను. ఏడాదిలో 52 ఆదివారాలు పోగొట్టుకునే వాణ్ణే అడుగుతున్నాను. అలా పోగొట్టుకున్న వాణ్ణి కాబట్టే అడుగుతున్నాను.

ఇక కొన్ని జాగ్రత్తలు. నలభై దాటినవాళ్లు, షుగరు, బి.పి., పొగతాగే అలవాటు, ఇంట్లో గుండెజబ్బు చరిత్ర ఉన్నవాళ్లు డాక్టరు గారికి చూపించుకున్నాకే మొదలుపెట్టండి. పరుగులో ఛాతీ బిగిసినట్టుండి నొప్పి దవడకో ఎడమ చేతికో పాకితే, కళ్లు తిరిగి పడిపోతే, "గ్యాస్" అనుకుని ఇంటికి నడవకండి. అక్కడే కూర్చుని 108కి ఫోన్ చేయించండి. ఇన్సులిన్, గ్లిమిపిరైడ్ వంటి మందులు వాడేవాళ్లు పరగడుపున పరుగెత్తితే షుగరు పడిపోవచ్చు. జేబులో గ్లూకోజు బిళ్లలో చక్కెర పొట్లమో ఉండాలి. పెద్ద పరుగు తర్వాత మూత్రం నల్లగా కూల్‌డ్రింకు రంగులో వస్తే అదే రోజు ఆస్పత్రికి రండి. ఆడపిల్లలు పరుగులో త్వరగా అలసిపోతుంటే "బద్ధకం" అనకండి, ముందు రక్త పరీక్ష చేయించండి. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15 నుంచి 49 ఏళ్ల మహిళల్లో సగానికి పైగా రక్తహీనత ఉన్నట్టు తేలింది.

కుక్కల సంగతి రాయకపోతే మన ప్రాంతం గురించి రాసినట్టే కాదు. సర్వీసు దారిలో కోళ్ల వ్యర్థాలు పారేసే చోట్ల అవి గుంపుగా ఉంటాయి. పరుగెత్తేవాణ్ణి చూస్తే వెంటపడతాయి. అక్కడ నడవండి, పౌరుషానికి పోకండి. కరిస్తే, గీసినా సరే, ముందు సబ్బు నీళ్లతో పదిహేను నిమిషాలు కడగాలి. పసుపు, కారం పెట్టకూడదు. అదే రోజు సూది మొదలుపెట్టి, చెప్పిన తేదీలన్నీ పూర్తి చేయాలి. ప్రభుత్వాసుపత్రిలో ఉచితంగా వేస్తారు.

ఆరు వారాలు పూర్తయ్యాక మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టాను, రెండు నిమిషాలు పరుగు, రెండు నిమిషాలు నడక. కానిస్టేబుల్ పిల్లలు నన్ను దాటిపోతూ "బాగున్నారా అంకుల్" అంటారు. మొదట్లో చిన్నతనంగా ఉండేది. ఫ్యాక్టరీలో అడిగి శనివారం రెండో షిఫ్టుకు మారాను. లాంగ్ రన్ ఆ రోజు పొద్దున పెట్టుకున్నాను. వారానికి నాలుగు రోజులే పరుగు. వెనకబడతానని భయపడ్డాను గాని, నాలుగు నెలలకు పాత వేగం వచ్చేసింది. షుగరు పరీక్ష ఇప్పుడు 5.8. ఇంకా గడప దగ్గరే ఉన్నాను, కాకపోతే ఇవతలి వైపు జరుగుతున్నాను.

పోయిన ఆదివారం పిల్లల జడలు వేసే పని నాకు పడింది. చిన్నదానికి పాపిట వంకరగా తీశానని మందిరంలో కూర్చున్నాక వాళ్లమ్మ మళ్లీ విప్పి వేసింది. వాక్యం మొత్తం మెలకువగా విన్నాను. మధ్యలో మా ఇంటావిడ అలవాటు కొద్దీ ఒకసారి మోచేత్తో పొడిచింది. నేను మేలుకునే ఉన్నానని చూసి చెయ్యి వెనక్కి తీసుకుంది.