పట్టాలు మార్చినా పెదవి విరుపేనా?



గత సంచికలో ఓర్లాండో యాత్ర గురించి రాసిన రచయిత, డిస్నీ వరల్డ్‌లో నెలల తరబడి మూసి తెరిచిన రైడ్లలో కొత్తగా ఏమీ కనిపించలేదని నిష్ఠూరమాడారు. ఫ్లోరిడాలో ఉండే మా అల్లుడిదీ ఇదే పాట. ఏ రైడ్ మూతపడినా, తెరిచేనాటికి కొత్త కథ, కొత్త సంగీతం, కొత్త బొమ్మలు వచ్చి తీరాలన్నది అతని లెక్క. థర్మల్ కేంద్రంలో మెయింటెనెన్స్ పని చేసి రిటైరైనవాణ్ణి. ఆ లెక్క నాకు మింగుడుపడదు.

కాలిఫోర్నియా డిస్నీలాండ్‌లోని స్పేస్ మౌంటెన్ సంగతే చూడండి. 1977లో మొదలైన ఈ చీకటి రోలర్ కోస్టర్‌ను 2003 ఏప్రిల్‌లో మూసి, పార్కు 50 ఏళ్ల పండగ వేళకు, 2005 జులైలో తెరిచారు. రెండేళ్లకు పైగా మూత! గోపురం లోపలి పాత ట్రాక్ మొత్తం పీకేసి కొత్తది వేశారు. అయినా మలుపులు అవే, వాలు అదే. ఆ డబ్బూ ఆ కాలమూ చాలావరకు ఖర్చయింది ఆ దారిని ఉన్నదున్నట్టు నిలబెట్టడానికే. ఏళ్ల తరబడి బండ్లు పరిగెత్తే పట్టాల వెల్డింగుల్లో సన్నని పగుళ్లు రావడం సహజం. చక్రాలు అరుగుతాయి. ముందు బండి దాటేదాకా వెనక బండిని ఆపి ఉంచే సెన్సర్లు, బ్రేకులు, కంప్యూటర్లు పాతబడతాయి, వాటి విడిభాగాలు బజారులో దొరకడం మానేస్తాయి. మా కేంద్రంలో టర్బైన్ విప్పి ఓవర్‌హాల్ చేశాక కూడా ఊళ్లో బల్బు ఎప్పటిలాగే వెలిగేది. ఇంకాస్త ఎక్కువ వెలగలేదేమని ఎవరూ అడగలేదు.

ఫ్లోరిడా స్పేస్ మౌంటెన్ వంతు 2009లో వచ్చింది. ఏప్రిల్ నుంచి నవంబరు దాకా మూశారు. కాలిఫోర్నియాలోలాగే బండిలో సంగీతం వస్తుందని, ట్రాక్ అంతా కొత్తదవుతుందని అభిమానులు తమలో తామే తీర్మానించుకున్నారు. తీరా వచ్చినవి కొత్త బండ్లు, బయటి వెలుతురు లోపలికి చొరబడకుండా కప్పు, క్యూలో నిలబడ్డవాళ్లు ఆడుకోవడానికి వీడియో గేములు. మోసపోయామన్నారు. మాటిచ్చిందెవరు? పుకారు పుట్టించిందీ, నమ్మిందీ, నెరవేరలేదని అలిగిందీ ఒకే గుంపు.

పోనీ, మారిస్తే సంతోషిస్తారా అంటే అదీ లేదు. ఇట్స్ ఎ స్మాల్ వరల్డ్ అనే పడవ రైడ్ 1964 న్యూయార్క్ ప్రపంచ ప్రదర్శనలో పుట్టి, 1966లో డిస్నీలాండ్‌కు చేరింది. 2008లో దాని మరమ్మతు మొదలెట్టి, లోపల డిస్నీ సినిమా పాత్రల బొమ్మలు కూడా పెడతారని తెలియగానే, చిత్రకారిణి మేరీ బ్లెయిర్ కల్పనను పాడుచేస్తున్నారని పెద్ద గొడవైంది. ఒకచోట ఏమీ మారలేదని కోపం, మరోచోట ఒక్క బొమ్మ చేరిందని కోపం. నిర్వాహకుల స్థానంలో ఉంటే నేనైతే పట్టాల పని చూసుకుని మిగతాది దేవుడికి వదిలేసేవాణ్ణి.

కథే మార్చే పని వేరు, దానికి వేరే కొలమానం కావాలి. స్ప్లాష్ మౌంటెన్‌ను టియానాస్ బయూ అడ్వెంచర్‌గా మారుస్తామని 2020లో ప్రకటించి, ఫ్లోరిడాలో 2023 జనవరిలో మూసి, 2024 జూన్‌లో తెరిచారు. కాలువ పాతదే, చివరి జారుడూ పాతదే. కథ చప్పగా ఉందంటే నేనూ ఒప్పుకుంటాను. మార్డి గ్రా విందుకు వాద్యగాళ్లను వెతుక్కునే కథలో ఆ పెద్ద జారుడుకు ముందు రావలసిన భయం ఏది? కానీ టియానా సినిమాలోని విలన్ ఫసిలియే ఉంటాడని తామే ఊహించుకుని, అతను లేడని అలగడం విమర్శ కాదు.

అభిమానులు నూటికి నూరుపాళ్లూ న్యాయంగా అడిగేది ఒకటుంది. 2006లో తెరిచిన ఎక్స్‌పెడిషన్ ఎవరెస్ట్ రైడ్ చివర్లో, 20 అడుగులకు పైబడిన యేతి మరబొమ్మ మన మీదికి చెయ్యి విసిరేది. కొద్దికాలానికే ఆ కదలిక ఆగిపోయింది. ఇప్పుడు లైట్లు గబగబా వెలిగించి ఆర్పుతూ కదులుతున్న భ్రమ పుట్టిస్తున్నారు. అది కట్టడం పూర్తయిన భవనం మధ్యలో ఉన్న భారీ యంత్రం, బాగుచేయడం కష్టం, అయినా ఆ పని మీదే ఉన్నామని రూపకర్త జో రోడ్ 2013లో అభిమానుల సభలోనే చెప్పారు. 2022 ఆరంభంలో కొన్ని నెలలు మూసి తెరిచారు. యేతి మాత్రం చెయ్యి ఎత్తలేదు. చూపించి ఆపేసినదాన్ని అడగడం హక్కు. చెప్పనిదాన్ని అడగడం మారాం.

కంపెనీకీ ఇందులో వాటా ఉంది. "మరమ్మతు కోసం మూసివేత" అన్న ముక్కతో సరిపెడితే ఆ ఖాళీని పుకార్లే నింపుతాయి. ఈసారి మార్చేది పట్టాలా, కంట్రోల్ వ్యవస్థా, బొమ్మలా అని ముందే ఒక్క వాక్యం చెబితే వాళ్ల సొమ్మేం పోదు.

సంపాదకులకూ ఒక మనవి. వేసవి సెలవుల్లో తాతలు, మనవలు కలిసి ఓర్లాండో వెళ్లే మన కుటుంబాలు చాలా ఉన్నాయి. ఏ రైడ్ ఎప్పటినుంచి మూతో డిస్నీ తన క్యాలెండర్‌లో ప్రకటిస్తుంది. మీ యాత్రా కథనాల పక్కన ఆ జాబితా కూడా వేయండి. టికెట్లు కొనకముందే చదువుకుంటాం.

ఇట్లు,
విశ్రాంత మెయింటెనెన్స్ ఇంజనీరు,
పాల్వంచ