కరెంటు పెడితే డిస్కు సర్దుకోదు

బుక్కరాయసముద్రంలో నడుము పట్టేసిందని ఎవరితో అన్నా మొదట వచ్చే సలహా ఒకటే: "కరెంటు పెట్టిచ్చుకో అక్కా, పది దినాలకు తగ్గిపోతాది." ఎమ్మారై తీయించుకుని డిస్కు ఉబ్బిందన్న రిపోర్టు చేతికొచ్చినవాళ్ళకైతే అది సలహా కాదు, ఆజ్ఞే. అనంతపురం పక్కనే ఉంది, క్లినిక్కులకు కొదవ లేదు. బోర్లా పడుకోబెట్టి నడుము మీద ప్యాడ్లు అతికించి మిషను ఆన్ చేస్తారు. కండ దానంతటదే బిగుసుకుని వదులవుతుంటే, లోపల ఏదో బాగవుతోందని మనిషికి ధైర్యం వస్తుంది. ఇప్పుడు అరచేతిలో పట్టే మిషన్లు ఆన్‌లైన్లోనూ దొరుకుతున్నాయి. పెద్ద నగరాల్లో ఒళ్ళంతా కరెంటు పాకే సూటు తొడిగి, ఇరవై నిమిషాల్లో కసరత్తు అయిపోయిందనిపించే స్టూడియోలు వచ్చాయి. డిస్కు ఉన్నవాళ్ళు వంగకూడదు, బరువెత్తకూడదు, కాబట్టి వాళ్ళ బదులు కరెంటే కండతో వ్యాయామం చేయిస్తుందన్నది వీటన్నిటి వెనకున్న మాట.

ఈ మాటను నేను ఒప్పుకోను. డిస్కు జబ్బుకు కరెంటు వ్యాయామం వైద్యం కాదు. మహా అయితే కాసేపు నొప్పిని మరిపిస్తుంది. ఆ కాసేపటి కోసం కూలి పోతుంది, ఆటో ఛార్జీలు పోతాయి, సిట్టింగుల డబ్బు పోతుంది. తన నడుము తాను కదిలితేనే బాగుపడుతుందన్న నమ్మకం కూడా పోతుంది. అన్నిటికన్నా పెద్ద నష్టం అదే.

ముందు లోపల ఏముందో చూద్దాం. నడుములో అయిదు పూసలు. పూసకూ పూసకూ మధ్య డిస్కు. దాని చుట్టూ గట్టి నారపొరలు, నడిమధ్యన మెత్తటి గుజ్జు. నార చిట్లి గుజ్జు వెనక్కి తోసుకొస్తే పక్క నుంచి పోయే నరం మొదలును ఒత్తుతుంది, అక్కడ వాపు రేపుతుంది. పిర్ర నుంచి పిక్క దాకా జివ్వున లాగే నొప్పి దాని వల్లే. ఎక్కువగా ఇది నాలుగో పూసకు కిందో, అయిదో పూసకు కిందో జరుగుతుంది. 1934లో అమెరికా వైద్యులు మిక్స్టర్, బార్ దీన్ని వివరంగా రాశాక నడుము నొప్పి అంటే విరిగిన భాగం, దాన్ని ఎవరో సరిచేయాలి అనే ఆలోచన లోకమంతా పాతుకుపోయింది. చర్మం మీది ప్యాడ్ల నుంచి పోయే కరెంటు ఆ గుజ్జును లోపలికి నెట్టలేదు, చిట్లిన నారను అతికించలేదు. ఈ సంగతి మిషను పెట్టేవారికీ తెలుసు. పేషెంటుకు ఎవరూ చెప్పరు.

డిస్కును కాదు, కండను బలపరుస్తాం అంటారా? కండ విషయంలో అసలు సమస్య ఉన్న మాట నిజమే. పూసలను పట్టి ఉంచే మల్టిఫిడస్ అనే కండ నడుము నొప్పి వచ్చినవాళ్ళలో సన్నబడుతుందనీ, నొప్పి పోయినా దానంతటది కోలుకోదనీ, నేర్పిన వ్యాయామంతో మాత్రం కోలుకుంటుందనీ ఆస్ట్రేలియాలో జూలీ హైడ్స్ బృందం 1990లలోనే చూపించింది. ఆ వ్యాయామం మనిషి స్వయంగా చేసింది. మనమే కండను బిగిస్తే మెదడు చిన్న పోగులతో మొదలుపెట్టి, బరువును బట్టి పెద్ద పోగులను పిలుస్తుంది. బిందె ఎత్తబోయే చేయి కదలకముందే నడుము కండలు సిద్ధమవుతాయి. చర్మం మీది కరెంటుకు ఈ వరస తెలియదు. దగ్గరున్న పోగులన్నిటినీ ఒకేసారి లేపుతుంది, లోతున ఉన్నవాటిని సరిగా అందుకోదు, కండ త్వరగా అలసిపోతుంది. బిందె ఎత్తేటప్పుడు ఎప్పుడు బిగియాలో, ఎంత బిగియాలో ఆ మంచం మీద నడుము నేర్చుకోదు.

"మరి మా వదినకు తగ్గింది కదా?" అని అడుగుతారు. తగ్గింది, అబద్ధం కాదు. కరెంటు వల్ల తగ్గిందా అన్నదే ప్రశ్న. 1999లో నెదర్లాండ్స్ వైద్యులు సయాటికా, అంటే నడుము నుంచి కాలికి లాగే ఈ నరపు నొప్పి, ఉన్న 183 మందిని రెండు గుంపులు చేశారు. ఒక గుంపుకు రెండు వారాలు మంచం దిగవద్దన్నారు, రెండో గుంపును మామూలుగా తిరగమన్నారు. పన్నెండు వారాలకు రెండు గుంపుల్లోనూ 87 శాతం మందికి నయమనిపించింది. అంటే కాలం గడిస్తే ఎక్కువమందికి తగ్గే జబ్బు ఇది. గుజ్జు కూడా శాశ్వతంగా అక్కడే ఉండిపోదు. శరీరం దాన్ని పరాయి పదార్థంగా గుర్తించి నెమ్మదిగా కరిగించుకుంటుంది. 2015లో వచ్చిన ఒక సమీక్ష ప్రకారం, పూర్తిగా తెగి బయటపడ్డ ముక్క 96 శాతం మందిలో ఆపరేషన్ లేకుండానే తగ్గింది. గుజ్జు నార దాటి బయటికి వచ్చినవాళ్ళలో 70 శాతం మందికి తగ్గింది. ఉత్త ఉబ్బు మాత్రం 13 శాతంలోనే తగ్గింది. రిపోర్టులో ఎంత భయపెట్టే మాట ఉంటే అంత కరిగే అవకాశం ఉందన్నమాట. ఈ సంగతి ఎమ్మారై కాగితం చేతికిచ్చేటప్పుడే చెప్పాలి.

ఉబ్బు కరగకపోతే ఎట్లా అన్న దిగులూ అక్కర్లేదు. 1994లో అమెరికాలో నడుము నొప్పే లేని 98 మందికి ఎమ్మారై తీస్తే 52 శాతం మందిలో ఏదో ఒక డిస్కు ఉబ్బి కనిపించింది. నొప్పి లేకుండా తిరుగుతున్నవాళ్ళే వాళ్ళంతా. పైగా మనిషి క్లినిక్కుకు పోయేది నొప్పి బాగా ముదిరినప్పుడు. అక్కడి నుంచి ఎటూ దిగేదే ఎక్కువ. ఆ పది రోజుల్లో నడుముకు ఏది పెట్టినా పేరు దానికే వస్తుంది. అంత మాత్రాన దానికి ఫీజు కట్టించుకోవడం న్యాయం కాదు.

కరెంటు సూట్ల పక్షాన మాట్లాడేవాళ్ళు జర్మనీ పరిశోధనలు చూపిస్తారు. వాటిని నేను తీసిపారేయను. ఎర్లాంగెన్‌లో వోల్ఫ్‌గాంగ్ కెమ్లర్ బృందం ఏళ్ళ తరబడి శ్రద్ధగా చేసిన పని అది. అయితే అందులో తీసుకున్నది ఫలానా కారణమని తేలని దీర్ఘకాలపు నడుము నొప్పి ఉన్నవాళ్ళను. డిస్కు నరాన్ని ఒత్తి కాలు లాగుతున్నవాళ్ళ లెక్క వేరు. పరిశోధనలో పాల్గొన్నవాళ్ళు సూటు తొడుక్కుని పడుకోలేదు, శిక్షకుడి ఎదుట నిలబడి కదిలారు. మామూలు వ్యాయామంతో పోల్చి చూస్తే ఫలితం సుమారు సమానంగా వచ్చింది. వారానికి ఇరవై నిమిషాలకు మించి తీరిక లేని ఆఫీసు ఉద్యోగికి అది లాభమే కావచ్చు. డబ్బు లేని మనిషి మాత్రం ఖర్చు లేని దారి వదిలి దీని వెంట పడాల్సిన పని లేదని ఆ పరిశోధనే చెబుతోంది. సూటులో మొదటిరోజే కరెంటు జోరుగా పెడితే కండ చితికి, అందులోని పదార్థం రక్తంలో కలిసి కిడ్నీలకు ముప్పు తెచ్చిన కేసులున్నాయి. దీనికి నియంత్రణ కావాలని ఇజ్రాయెల్ వైద్యులు 2016లోనే బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో కోరారు.

ఇంకో అడుగు ముందుకు వెళ్ళినవాళ్ళూ ఉన్నారు. మల్టిఫిడస్‌కు పోయే నరం పక్కనే ఆపరేషన్ చేసి తీగ అమర్చే రియాక్టివ్8 అనే పరికరానికి అమెరికా నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2020లో అనుమతిచ్చింది. దాన్ని 204 మందిలో పరీక్షించారు. నాలుగు నెలలకు అసలు కరెంటు అందినవాళ్ళలో 57 శాతం, నామమాత్రంగా అందినవాళ్ళలో 47 శాతం మెరుగయ్యారు. ఆ తేడా గణాంకాల లెక్కకు నిలవలేదు. తర్వాతి ఏళ్ళలో బాగున్నారన్నారు గానీ అప్పటికి పోల్చడానికి రెండో గుంపు లేదు. నరం పక్కన తీగ పెట్టినా తేలనిది చర్మం మీది ప్యాడ్‌తో ఎలా తేలుతుంది?

పెద్ద సంస్థలు ఈ విషయంలో మెత్తగా మాట్లాడలేదు. బ్రిటన్‌లోని వైద్య మార్గదర్శకాలు రాసే నైస్ సంస్థ 2016 మార్గదర్శకాల్లో నడుము నొప్పికి, సయాటికాకు టెన్స్ (నొప్పి తగ్గించేందుకు చర్మం మీది ప్యాడ్లతో పెట్టే కరెంటు), ఇంటర్‌ఫెరెన్షియల్ కరెంటు, అల్ట్రాసౌండ్, నడుమును లాగిపట్టే ట్రాక్షన్, బెల్టు ఇవ్వవద్దని రాసింది. దీర్ఘకాలపు నడుము నొప్పి గురించి ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023 డిసెంబరులో టెన్స్‌నూ ట్రాక్షన్‌నూ వద్దంది, పద్ధతిగా చేసే వ్యాయామాన్ని సిఫారసు చేసింది. మన దగ్గర డిస్కు పేషెంటుకు ఇప్పటికీ అందుతున్నది ఆ వద్దన్న జాబితానే. తప్పు ఫిజియోథెరపిస్టులది మాత్రమే అనను. నాలుగున్నరేళ్ళు చదివి వచ్చినవాళ్ళు అరగంట కూర్చుని కదలిక నేర్పితే "ఏమీ చేయకుండా డబ్బు తీసుకున్నాడు" అంటాం, మిషను పెడితే సంతోషంగా ఇస్తాం. ఫీజు మిషనుకు కట్టినంత కాలం వైద్యం మిషను చుట్టూనే తిరుగుతుంది.

పొద్దస్తమానం పొలంలో వంగి లేచే మనిషికి మళ్ళీ వ్యాయామం ఏమిటన్నది దీనికి ఎదురుగా వచ్చే గట్టి ప్రశ్న. ఇది న్యాయమైన ప్రశ్న, దాటేయకూడదు. ఏడాదికి 550 మిల్లీమీటర్లకు అటూ ఇటూగా వాన పడే నేల మనది. సెనక్కాయ పంట చేతికొచ్చే వేళ చినుకు పడకపోతే ఎర్రనేల బిగుసుకుపోయి చెట్టు ఊడిరాదు. కూలికి పోయిన ఆడమనిషి నడుం వంచి, రెండు చేతులా చెట్టు మొదలు పట్టి, ఒళ్ళంతా బిగబట్టి లాగాలి. అలా సాలు తర్వాత సాలు. ఆ వెంటనే గంటల తరబడి కూర్చుని కాయలు తెంపాలి. ఇందులో ఎంత వంగాలో, ఎప్పుడు ఆపాలో చెప్పేది నేల, పంట, మేస్త్రీ. నడుము మాట ఎవరూ వినరు. వ్యాయామంలో ఆ లెక్క నడుము చేతికే వస్తుంది. ఓర్చుకోగలిగినంతతో మొదలుపెట్టి, వారం వారం కాస్త పెంచుతూ, వంగడమొక్కటే కాక అన్ని వైపులా కదిలిస్తూ, మధ్యలో విరామమిస్తూ పోతాం. వెల్లకిలా పడుకుని మోకాళ్ళు మడిచి నడుము పైకెత్తడం, బోర్లా పడుకుని మోచేతుల మీద ఛాతీ లేపడం, సాయంత్రం చెరువుకట్ట మీద నడక. వీటిలో ఎవరికి ఏది సరిపడుతుందో ఒకసారి పరీక్షించి చెప్పే మనిషి కావాలి. ఏదైనా కదలిక చేస్తున్నప్పుడు కాలి నొప్పి పిక్క నుంచి పైకి, నడుము వైపు జరుగుతుంటే అది మంచి గుర్తు. కిందికి పాకుతుంటే ఆ కదలిక ఆపి వేరేది వెతకాలి. ఈ ఒక్క సంగతి తెలిసిన పేషెంటు తన వైద్యాన్ని తాను సగం నడుపుకోగలదు.

కరెంటుకు తన చోటు లేదనను. మోకాలి ఆపరేషన్ తర్వాత తొడ కండ లేవనప్పుడు, పక్షవాతంతో పాదం వాలిపోయినప్పుడు, ఐసీయూలో కదల్లేని మనిషి కండ కరిగిపోతున్నప్పుడు అది పనికొస్తుంది. నొప్పి ఓర్వలేక కదలడమే మానేసిన మనిషికి, కదలడం మొదలుపెట్టే దాకా, నాలుగు నాళ్ళు టెన్స్ పెడితే నేను తగాదా పడను. అయితే షుగరుతో చర్మం మొద్దుబారినవాళ్ళకు ప్యాడ్ కింద కాలినా తెలియదు. పేస్‌మేకర్ ఉన్నవాళ్ళు, గర్భిణులు ఆన్‌లైన్ మిషను తెరిచి సొంతంగా పెట్టుకోవడం ప్రమాదం.

అన్నిటికన్నా నన్ను భయపెట్టేది సిట్టింగులు పూర్తయ్యే దాకా ఆగుదామనే ఓపిక. మూత్రం బిగిసిపోయినా, తెలియకుండా పోతున్నా, మలద్వారం చుట్టూ తొడల మధ్య మొద్దుబారినా, రెండు కాళ్ళూ బలం తప్పినా అక్కడ గంటలు లెక్క. అదే రోజు అనంతపురం సర్వజన ఆసుపత్రికి పోవాల్సిందే, ఆలస్యమైతే ఆ అదుపు మళ్ళీ రాకపోవచ్చు. పాదం పైకి లేవకుండా వాలిపోతున్నా ఆగకూడదు.

మిగతావాళ్ళ విషయంలో నేను అడుగుతున్నవి కొన్నే. మొదటి రోజే పేషెంటును నిలబెట్టి, వంచి, నడిపించి చూసి, ఇంట్లో చేసుకోవాల్సిన రెండు మూడు కదలికలు నేర్పి, దానికే ఫీజు తీసుకోవాలి. పీహెచ్‌సీలో, ఊరి ఆరోగ్య కేంద్రంలో ఉన్న సిబ్బందికి ఇంతమాత్రం శిక్షణ ఇవ్వడం ప్రభుత్వానికి భారం కాదు. ఈ మండలంలోనే రెడ్డిపల్లిలో కృషి విజ్ఞాన కేంద్రం ఉంది, రేకులకుంటలో మెట్టసేద్యం పరిశోధన జరుగుతోంది. అక్కడ పనిముట్లను చూసేవాళ్ళు దిగుబడితో పాటు నడుమును కూడా లెక్కలోకి తీసుకోవాలి. సెనక్కాయ తవ్వే యంత్రం చిన్న రైతుకు కోత సమయానికి అద్దెకు దొరకాలి. చేత్తో పీకక తప్పని చేలల్లో గంటకోసారి కూలీలు నిటారుగా నిలబడి నాలుగడుగులు నడవాలి, ఆ కాసేపటికి మేస్త్రీ కూలి కోయకూడదు.