భిక్ష కాదు, బాకీ!

ఆరోగ్యవంతుడని సర్కారు వైద్యుడే వ్రాసి సేనలో చేర్చుకొనును. ఏండ్లు గడచి ఒడలు చెడినపిమ్మట, అది పుట్టుకతో వచ్చిన జబ్బనియు, కొలువుతో సంబంధము లేదనియు సర్కారు వైద్యమండలియే వ్రాసి వైకల్యపు పింఛనును నిరాకరించునట! చేరిననాడు ఆ జబ్బు ఏ మూల దాగియుండెను?

1985లో చేరిన ధరమ్‌వీర్ సింగ్ మూర్ఛవ్యాధిచే 1994లో తొలగింపబడెను. నాటి నియమములను విచారించి సుప్రీంకోర్టు 2013లో తీర్పు చెప్పినది: చేరునాటి పత్రమున వ్యాధి నమోదు కానిచో అది కొలువున కలిగినదనియే భావింపవలెను, ఋజువు భారము సైనికునిది కాదు, హేతువు చూపని వైద్యాభిప్రాయము చెల్లదు. పంతొమ్మిదేండ్లకు దక్కిన న్యాయమిది!

పాఠక సోదరులారా! తిరస్కారపత్రమును పెట్టెలో దాచుకొని నిట్టూర్చు మాజీ సైనికుడు మీ వీధిలో లేడా? ప్రవేశకాలపు వైద్యపత్రమును, మండలి నివేదికను తెప్పించి అప్పీలు వ్రాసిపెట్టుడు. అతడడుగునది భిక్ష కాదు. రాజ్యము పడిన బాకీ.