ఫోన్ డబ్బా మీద గడువు తేదీ ఎందుకు రాయరు?

పోయిన నెల మేనల్లుడిని చూడటానికి హైదరాబాద్ పోయాను. హైటెక్ సిటీలో ఒక కంపెనీ గేటు దగ్గర సెక్యూరిటీ గార్డు వాడు. వాడి డ్యూటీ అయ్యేదాకా బయట టీ బండి దగ్గర కూర్చున్నాను. పక్కన మెడలో కార్డు వేసుకున్న ఓ పిల్లగాడు ఫోన్‌లో ఎవరితోనో మొత్తుకుంటున్నాడు. లాప్‌టాప్‌లో అప్‌డేట్ వేసుకోలేదట. వేసుకునేదాకా కంపెనీ నెట్‌వర్క్‌లోకి రానివ్వరట.

డ్యూటీ దిగి వచ్చిన మేనల్లుడు నా ఫోన్ చేతిలోకి తీసుకున్నాడు. "మామా, దీనికి అప్‌డేట్ వచ్చి నాలుగేండ్లయింది. దీంట్లనే బ్యాంకు పెట్టుకున్నవా?" అన్నాడు. నాకు సిగ్గేసింది, తర్వాత కోపమొచ్చింది. ఆ కోపం ఎవరి మీదో చెప్పడానికే ఇది రాస్తున్నాను.

రైతు మిత్రులారా, ఇయ్యాల ఫోన్ లేకుండా మనకు ఏ పనైనా అవుతున్నదా? 2020 అక్టోబర్ 29న ధరణి వచ్చింది, 2025 ఏప్రిల్‌లో దాని స్థానంలో భూభారతి వచ్చింది. పేరు మారింది కానీ భూమి కాగితం పోర్టల్‌లోనే ఉంది. పీఎం కిసాన్ కింద ఏడాదికి ఆరు వేలు రావాలంటే ఈకేవైసీ కావాలి. 2025-26 సీజన్‌లో సీసీఐకి పత్తి అమ్మాలంటే కపాస్ కిసాన్ యాప్‌లో పేరు నమోదు చేసి, స్లాట్ బుక్ చేసుకోవాల్సి వచ్చింది. పొడవు పింజకు క్వింటాలు మద్దతు ధర 8,110 రూపాయలు. స్లాట్ దొరకని వాడికి మిగిలింది దళారి చెప్పిన ధరే. పత్తి తీయడం వచ్చిన చేతికి ఓటీపీ కొట్టడం రాకపోతే ఆ పత్తికి మద్దతు ధర లేదన్నమాట!

అలాంటప్పుడు ఆ ఫోన్ మంచిదా, చెడ్డదా అన్నది మన బతుకు సమస్య. మన సంఘంలోనే కొందరు నాయకులు "అప్‌డేట్లన్నీ కొత్త ఫోన్లు అమ్ముకునే కంపెనీల ఎత్తుగడ, వేసుకోకండి, ఫోన్ స్లో అవుతుంది" అంటున్నారు. అందులో సగం నిజం, సగం ప్రమాదం.

మార్కెట్ యార్డులో కాంటా సంగతి మనకు తెలుసు. తూనికలు కొలతల శాఖ వాళ్లు పరీక్షించి ముద్ర వేస్తారు, ఆ ముద్రకు గడువు ఉంటుంది. ఇంటర్నెట్‌లోనూ అంతే. బ్యాంకు వెబ్‌సైట్ తెరవగానే అది తన ముద్ర చూపిస్తుంది, దాన్నే సర్టిఫికెట్ అంటారు. ఆ ముద్ర వేసినవాడు నమ్మదగినవాడేనా అని మన ఫోన్ తన దగ్గరున్న జాబితాలో చూసుకుంటుంది. పేరు కలిస్తేనే మనం కొట్టే పాస్‌వర్డ్ మధ్యలో ఎవరూ చదవకుండా గుప్తంగా పోతుంది. పాత ఫోన్‌లో ఉండేది పాత జాబితా. 2021 సెప్టెంబర్ 30న అట్లాంటి ఒక పాత మూల సర్టిఫికెట్ గడువు తీరింది. లెట్స్ ఎన్‌క్రిప్ట్ అనే సంస్థ ఉచితంగా ఇచ్చే ముద్రలు ప్రపంచంలో కోట్ల సైట్లు వాడతాయి. ఆండ్రాయిడ్ 7.1.1 కన్నా పాత ఫోన్లకు ఆ ముద్రను గుర్తుపట్టే శక్తి లేదు. వాటి కోసం చేసిన సర్దుబాటు కూడా 2024తో అయిపోయింది. 2025 ఆగస్టులో క్రోమ్ 139 వచ్చినప్పటి నుంచి ఆండ్రాయిడ్ 10 కన్నా పాత ఫోన్లకు క్రోమ్ అప్‌డేట్లే లేవు.

అప్పుడు తెర మీద "మీ కనెక్షన్ ప్రైవేట్‌గా లేదు" అని వస్తుంది. మనవాళ్లు ఏం చేస్తున్నారు? కింద ఉన్నది నొక్కి ముందుకు పోతున్నారు. నేనూ పోయాను, దాచుకోను. అది ముద్ర లేని కాంటా మీద మిరప బస్తాలు పెట్టడమే. ఆ హెచ్చరిక వస్తే ముందు ఫోన్‌లో తేదీ, టైము చూడండి. అవి తప్పుగా ఉన్నా అదే వస్తుంది. అవి సరిగ్గా ఉండీ వస్తే ఆగిపోండి. బ్యాంకు వివరాలు మాత్రం కొట్టకండి.

అప్‌డేట్ ఉన్నంత మాత్రాన అన్నీ ఆగవు, అదీ చెప్పాలి. వాట్సాప్‌లో పీఎం కిసాన్ పేరుతో వచ్చే ఏపీకే ఫైల్ మనమే నొక్కితే ఎంత కొత్త ఫోన్ అయినా కాపాడలేదు. దొంగ సైటుకు కూడా ముద్ర దొరుకుతుంది. ముద్ర దారి భద్రమని చెబుతుంది కానీ దుకాణదారు మంచివాడని చెప్పదు. మా ఊళ్లో ఒకాయన పత్తి సొమ్ము ఇట్లాగే పోగొట్టుకున్నాడు. రెండు రోజులు భార్యకు కూడా చెప్పలేదు. ఆ రెండు రోజులే కొంప ముంచాయి. డబ్బు పోయిన నిమిషమే 1930కి ఫోన్ చేయాలి, పరువు సంగతి తర్వాత.

ఇక కోపం సంగతి. గూగుల్, మైక్రోసాఫ్ట్‌లకు పెద్ద ఆఫీసులు ఈ హైదరాబాద్‌లోనే ఉన్నాయి. 1998 నవంబర్‌లో వాజ్‌పేయి సైబర్ టవర్స్ ప్రారంభించిన నాటికి ఈ చుట్టుపక్కలవన్నీ ఊళ్లే. ఆ ఊళ్ల భూముల మీద లేచిన అద్దాల మేడల్లో అప్‌డేట్ లేని లాప్‌టాప్‌ను లోపలికి రానివ్వరు. అక్కడికి యాభై మైళ్ల అవతల, పాత ఫోన్ పట్టుకున్న రైతును మాత్రం అన్నిటికీ ఆన్‌లైన్‌లోకి రమ్మంటారు. వాళ్ల జాగ్రత్త వాళ్ల సొత్తుకే. "రైతులకు అవగాహన లేదు" అని సదస్సుల్లో మాట్లాడే పెద్దమనుషులను ఒకటే అడుగుతున్నాను: అప్‌డేటే ఇవ్వని ఫోన్‌కు అవగాహనతో అప్‌డేట్ ఎట్లా వేసుకోవాలి?

పురుగుమందు డబ్బా మీద తయారీ తేదీ, గడువు తేదీ ఉండాలని చట్టం ఉంది. ఎనిమిది, పది వేలు పెట్టి కొనే ఫోన్ డబ్బా మీద భద్రతా అప్‌డేట్లు ఎప్పటిదాకా ఇస్తారో ఎందుకు రాయరు? యూరప్ యూనియన్‌లో 2025 జూన్ 20 నుంచి ఒక నిబంధన వచ్చింది. ఒక మోడల్ అమ్మకం ఆపిన తర్వాత కూడా కనీసం ఐదేళ్లు అప్‌డేట్లు ఇవ్వాలి. అక్కడి కొనుగోలుదారుకు ఉన్న హక్కు మన రైతుకు వద్దా? ఇది మన డిమాండ్లలో చేర్చాలి. దాంతోపాటు, యాప్ పనిచేయని రైతుకు ప్రతి కొనుగోలు కేంద్రంలో, ప్రతి మండలంలో కాగితం మీద నమోదు చేసుకునే మనిషి ఉండాలి. ఫోన్ పాతదైనందుకు పంట ధర తగ్గకూడదు.

అడుగుతూనే మన పని మనం చేసుకోవాలి. సెట్టింగ్స్‌లో సిస్టమ్ అప్‌డేట్ చూడండి, ప్లే స్టోర్‌లో క్రోమ్‌ను, బ్యాంకు యాప్‌ను అప్‌డేట్ చేయండి. డేటా అయిపోతుందని భయముంటే వైఫై ఉన్నచోట వేసుకోండి. కొడుకు వాడి పడేసిన ఫోన్‌లో బ్యాంకు పెట్టుకునే ముందు దానికి ఇంకా అప్‌డేట్లు వస్తున్నాయో లేదో వాణ్నే అడగండి. రాకపోతే దాన్ని మాట్లాడుకోవడానికి ఉంచి, డబ్బు పని బ్యాంకుకే పోయి చేసుకోండి.

నేను కాగితాల కోసం పోయే ఒక ఆన్‌లైన్ సెంటర్‌లో ఇప్పటికీ విండోస్ 7 కంప్యూటరే. దానికి మైక్రోసాఫ్ట్ మద్దతు 2020 జనవరి 14నే ఆగిపోయింది. విండోస్ 10కు కూడా 2025 అక్టోబర్ 14న ముగిసింది. మన ఆధార్లు, వేలిముద్రలు, పాస్‌బుక్కులు ఆ పెట్టెల గుండానే పోతున్నాయి. గ్రామ కమిటీల బాధ్యులు వచ్చే మండల సమావేశానికి తమ ఊరి సెంటర్‌లో ఏ విండోస్ నడుస్తున్నదో రాసుకుని రండి. ఆ జాబితాతోనే కలెక్టరేట్‌కు పోదాం.