నాలుగో నంబరును తీసేయొద్దు, చోటు మార్చండి



ఈ నెల గోడపత్రికలో నాకు అర చార్టు ఇస్తమన్నరు. రాస్తే సరిపోలేదు. కింద ఇంకో చార్టు అతికించిన. అన్నం లైనులో నిలబడి చదివేవాళ్లు కింది చార్టు కోసం కొంచెం వంగాలె, ఏమనుకోవద్దు.

నేను రాసేది మన ఫుట్‌బాల్ టీం గురించి, అందులో నాలుగో నంబరు జెర్సీ వేసుకునే అమ్మాయి గురించి. పేరు రాయనని ఆమెకు ఒట్టేసిన. రాయకపోయినా మీ అందరికీ తెలుసు.

పోయిన ఆదివారం మన గ్రౌండులో జరిగిన మ్యాచ్ అందరూ చూశారు. మనం 3–1 తేడాతో ఓడిపోయాం. ఆ మూడు గోల్స్‌లో రెండు ఆమె వల్లనే అయినయని హాస్టల్ మొత్తం అంటున్నది. అది అబద్ధం కాదు. మొదటి గోల్ అప్పుడు ఆమె బాల్ కోసం సెంటర్ లైను దాకా ఉరికింది. బాల్ ఆమె తల మీది నుంచి వెనకకు పోయింది, అక్కడ ఎవ్వరూ లేరు. రెండోసారి బాల్ ఆమె కాళ్ల దగ్గరనే ఉన్నది. కొట్టాల్నా, పాస్ ఇయ్యాల్నా అని లైను బయట నిలబడ్డ మన దిక్కు చూసింది. అంతలోనే వాళ్ల పిల్ల వచ్చి బాల్ తీసుకపోయింది.

ఆ రోజు నుంచి ఆమెకు పేర్లు పెట్టిండ్రు. "గేటు తెరిచే వాచ్‌మన్" అని ఒక పేరు. మెస్‌లో ఆమె ప్లేటు పట్టుకొని వస్తుంటే "జరుగుండ్రే, ఆమె అందరినీ పోనిస్తది, మనం కూడ ఆమెను పోనిద్దాం" అని నవ్విండ్రు. నేను కూడా నవ్విన. రాత్రి డార్మిటరీలో ఆమె దుప్పటి కప్పుకొని పండుకున్నది గాని నిద్రపోలేదు. నా పక్క మంచమే కాబట్టి నాకు తెలుసు.

"దసరాకు పోతే నేను మళ్ల రానే" అన్నది.

"ఎందుకే?"

"ఆట చేతగాదు, లెక్కలు చేతగావు. ఈడ ఉండి ఏం జెయ్యాలె?"

ఇది తేలికగా తీసుకునే మాట కాదు. ఆరో తరగతిలో మాతోపాటు చేరినవాళ్లలో ముగ్గురు సెలవులకు పోయి మళ్ల రాలేదు. ఒకామెకు పెండ్లి అయ్యింది. ఒకామె పత్తి ఏరబోతున్నది. ఇంకొకామె సంగతి తెలియదు. చదువు ఇష్టం లేక పోతున్నమని వాళ్లెవ్వరూ చెప్పలేదు. ఇట్లనే ఏదో చిన్న మాట చెప్పి సంచి సర్దుకున్నరు.

శనివారం టీం లిస్టు రాసేటప్పుడు ఆమె పేరు కొట్టేస్తరని అందరూ చెప్పుకుంటున్నరు. నిజమో కాదో తెలియదు. అందుకే శనివారం కంటే ముందే రాస్తున్నాను. నా అభిప్రాయం ఏమిటంటే, ఆమెను టీం నుంచి తీసేయొద్దు. బ్యాక్ నుంచి తీసి సెంటర్ ఫార్వర్డ్ ఆడియ్యాలె.

నవ్వకుండ్రి. మొత్తం చదివి నవ్వుండ్రి.

బ్యాక్ ఆడే మనిషికి అన్నిటికంటే ముందు కావలసింది ఆగడం. ఎదుటి పిల్ల బాల్ తీసుకొని వస్తుంటే వెంటనే మీద పడొద్దు. అడ్డంగా నిలబడి, మెల్లగా వెనకకు జరుగుతూ, ఆమెను పక్కకు పంపాలె. మన నాలుగో నంబరుకు ఆగడం రాదు. బాల్ కనిపిస్తే ఉరుకుతది. మేడమ్ "ఆగు, ఆగు" అని ఎంత అరిచినా ఆమె కాళ్లు వినవు. ఇంకొక సంగతి కూడా నేను చూసిన. బాల్ తల మీది నుంచి పోయినప్పుడు ఆమె వెనకకు తిరగడానికి ఆలస్యం అయితది. అదే ముఖం ముందుకు ఉన్నప్పుడు, మొదటి పది అడుగులు ఆమెను మన హాస్టల్‌లో ఎవ్వరూ పట్టుకోలేరు. నేను కూడా పట్టుకోలేను. నాకు ఎంత కోపం వచ్చినా అది నిజం.

ఇప్పుడు ఆలోచించండి. ఆగకపోవడం, బాల్ మీదికి అందరికంటే ముందు పోవడం, వెనక ఏమున్నదో చూడకపోవడం, ఇవన్నీ బ్యాక్‌లో తప్పులు. ముందు ఆడేవాళ్లకు అవే కావాలె. ఎదుటి బ్యాక్ బాల్ ఆపుకునేలోపల మీద పడితే ఆమె తడబడతది. మీరు పడ్డరో లేదో తెలియదు గాని, ప్రాక్టీసులో నాలుగో నంబరు మీదికి వస్తే నేను చాలాసార్లు తడబడ్డ.

ఇంకొక తేడా ఉన్నది. ముందు ఆడే నేను పోయిన ఆదివారం గోల్ ముందర ఖాళీగా ఉన్న బాల్‌ను మూడుసార్లు బయటికి కొట్టిన. నన్ను ఎవ్వరూ ఏమనలేదు. ఒక్కటి లోపలికి పోతే చప్పట్లు కొట్టిండ్రు. ఆమె ఎన్నిసార్లు బాల్ ఆపిందో ఎవ్వరూ లెక్కపెట్టలేదు, రెండుసార్లు తప్పింది మాత్రం లెక్కపెట్టిండ్రు. బ్యాక్‌లో తప్పు జరిగితే దానికి గోల్ అని పేరు. ముందు జరిగిన తప్పుకు ఏ పేరూ లేదు.

ఇదంతా నా తెలివి అనుకోకండి. మన హైదరాబాద్ మనిషి ఎప్పుడో చేసి చూపించారు. ఆయన పేరు సయ్యద్ అబ్దుల్ రహీం. 1909లో పుట్టారు. మొదట బడి పంతులు, తర్వాత ఫుట్‌బాల్ కోచ్. హైదరాబాద్ సిటీ పోలీస్ టీం ఆయన చేతి కింద 1950 నుంచి 1954 దాకా వరుసగా ఐదుసార్లు రోవర్స్ కప్పు గెలిచింది. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో ఇండియా నాలుగో స్థానంలో నిలిచింది, అప్పుడు కూడా ఆయనే కోచ్. అలవాటు లేని కాలితోనే కొట్టాలని పోటీలు పెట్టేవారట. (మనకు అది పెడితే సగం మంది కింద పడుతరు.) ఆయన మీద మైదాన్ అని హిందీ సినిమా 2024లో వచ్చింది. సినిమాలో పాటలూ కన్నీళ్లూ కలుపుతరు, అది వేరే సంగతి. జరిగింది మాత్రం ఇది.

1962లో జకార్తాలో ఏషియన్ గేమ్స్ జరిగాయి. ఇండియా మొదటి మ్యాచ్‌లోనే దక్షిణ కొరియా చేతిలో 2–0 తేడాతో ఓడిపోయింది. తర్వాత థాయ్‌లాండ్ మీద 4–1తో గెలిచింది గాని, జర్నైల్ సింగ్ అనే డిఫెండర్‌కు తలకు దెబ్బ తగిలి కుట్లు పడ్డాయి. ఆయన మామూలు డిఫెండర్ కాదు, టీం మొత్తానికి గోడ లాంటివాడు. తలకు కుట్లున్న మనిషి బ్యాక్‌లో పైనుంచి వచ్చే ప్రతి బాల్‌నూ తలతో కొట్టాలంటే ఎట్ల? ఇంకో కోచ్ అయితే బెంచీ మీద కూర్చోబెట్టేవాడేమో. రహీం సాబ్ ఆయనను సెమీఫైనల్‌లో సెంటర్ ఫార్వర్డ్‌గా దింపారు. దక్షిణ వియత్నాం మీద ఇండియా 3–2 తేడాతో గెలిచింది. అందులో ఒక గోల్ జర్నైల్ సింగ్‌ది.

ఫైనల్ సెప్టెంబర్ 4న. మళ్ల అదే దక్షిణ కొరియా. స్టేడియంలో దాదాపు లక్ష మంది, ఎక్కువ మంది మనకు వ్యతిరేకంగా అరుస్తున్నారు. పి.కె. బెనర్జీ 17వ నిమిషంలో గోల్ కొట్టారు. 20వ నిమిషంలో జర్నైల్ సింగ్ కొట్టారు. చివరలో కొరియా ఒకటి కొట్టింది గాని సరిపోలేదు. 2–1. బంగారు పతకం మనది. అప్పటి నుంచి ఇప్పటి దాకా ఏషియన్ గేమ్స్ ఫుట్‌బాల్‌లో ఇండియాకు మళ్ల బంగారం రాలేదు. రహీం సాబ్ అప్పటికే క్యాన్సర్‌తో ఉన్నారు, 1963 జూన్‌లో చనిపోయారు.

"జర్నైల్ సింగ్ ఎక్కడ, మన వాచ్‌మన్ ఎక్కడ" అని మా రూంలో ఒక అక్క అప్పుడే అన్నది. నిజమే అక్కా. ఆయన మంచి డిఫెండర్, దెబ్బ తగిలింది కాబట్టి మార్చిండ్రు. ఈమె బ్యాక్‌లో బాగా ఆడతలేదు కాబట్టి మార్చమంటున్న. రెండూ ఒకటి కావు. కాని రహీం సాబ్ అడిగిన ప్రశ్న మనం కూడా అడగొచ్చు. ఈ మనిషికి ఏం చేతగాదు అని కాకుండా, ఇంకా ఏం చేతనైతది, అది ఎక్కడ పనికొస్తది అని. ఆయన ఒక్క మ్యాచ్‌కూ ఇంకో మ్యాచ్‌కూ నడుమ చోటు మార్చిండు. మనకు జోనల్ పోటీలకు ఇంకా మూడు వారాలు ఉన్నయి.

మగవాళ్ల ముచ్చట మనకెందుకు అనేవాళ్లకు ఒక మాట. నిజామాబాద్ గుగులోత్ సౌమ్య ఇండియా టీంలో ముందు ఆడే మనిషే. లంబాడి బిడ్డ. 2024–25 సంవత్సరానికి దేశంలో ఉత్తమ క్రీడాకారిణి అవార్డు ఆమెకే వచ్చింది. మన నాలుగో నంబరు ట్రంకు పెట్టె మూతకు లోపలి దిక్కు అతికించిన పేపర్ ఫోటో ఆమెదే.

ఇంకో మాట కూడా వినిపించింది. "తప్పు చేసినోళ్లకు తొమ్మిదో నంబరు బహుమానమా? మేము కూడ సెల్ఫ్ గోల్ కొడితే ముందుకు పంపుతరా?" అని. ఇక్కడ మా ఇంటి సంగతి ఒకటి చెప్పాలె.

మాది అమ్రాబాద్ అడవిలో చెంచు పెంట. పెంట అంటే నవ్వేవాళ్లున్నరు, మా దగ్గర పెంట అంటే ఊరు. అడవిలో పెద్ద రాతి గోడలకు తేనె పెరలు పడతయి. పై నుంచి తాడు కట్టుకొని ఒకరు కిందికి దిగాలె, పైన ఒకరు తాడు చూసుకోవాలె. మా మామ, అంటే మా అమ్మకు అన్న, వయసులో ఉన్నప్పుడు దిగేవాడు. ఒకసారి సగం దూరం పోయినంక చేతులు వణికి అక్కడనే ఆగిపోయిండు. కిందికీ పోలేడు, మీదికీ రాలేడు. ఎట్లనో గుంజిండ్రు. పెద్దలు ఆయనను ఇంట్ల కూసోమని అనలేదు. మా నాన్న దిగుతుంటే పైన తాడు పట్టే పని ఇచ్చిండ్రు. మా దిక్కు తాడు పట్టేది బావమరిదే. చెల్లె మొగుడు కదా, చెయ్యి జారనియ్యడు. ఇప్పుడు మా నాన్న, మామ రాకపోతే తేనెకే పోడు. తేనె పంచేటప్పుడు పైనున్నోడికి తక్కువ, కిందికి పోయినోడికి ఎక్కువ అని మా దగ్గర లేదు. మా నాన్నకు గాని మామకు గాని చదువు రాదు, నేను ఇది రాస్తున్నట్టు కూడా వాళ్లకు తెలియదు.

కాబట్టి ముందు ఆడడం బహుమానం కాదు, వెనక ఆడడం శిక్ష కాదు. ఇది అనడానికి నాకు సులువుగా ఉన్నది అనుకోకండి. ఎందుకంటే ఆమె ముందుకు పోతే వెనకకు ఎవరు పోవాలె? జర్నైల్ సింగ్ ముందుకు పోయినప్పుడు వెనక అరుణ్ ఘోష్ లాంటివాళ్లు నిలబడ్డరు కాబట్టి గెలిచిండ్రు. ఆ మాట సినిమా చూసినోళ్లు ఎవ్వరూ చెప్పుకోరు. మన టీంలో ఆ జాగ ఎవరిది?

రెండు రాత్రులు ఆలోచించిన. మొదట ఎనిమిదో తరగతి చెల్లెలు ఒకామె పేరు రాసి కొట్టేసిన. ఇంకొకరి పేరు రాసి కొట్టేసిన. వేరేవాళ్ల జాగ మార్చమని రాయడం నాకు చాలా సులువుగా వచ్చింది, అది చూసి నాకే సిగ్గయింది.

నేను పోత.

తొమ్మిదో నంబరు నాది. ఏడో తరగతి నుంచి నేనే వేసుకుంటున్న. గోల్ కొట్టినప్పుడు అందరూ నా పేరు అరుస్తరు, అది నాకు ఇష్టం. కాని నాకు ఆగడం వచ్చు. అంత జోరుగా ఉరకలేను గాని, ఎదుటివాళ్లు బాల్ ఎటు కొడుతరో ముందే తెలుస్తది. ముందు ఆడేదాన్ని కాబట్టి, ముందు ఆడేవాళ్లు ఏం మోసం చేస్తరో నాకు తెలుసు. పీటర్ తంగరాజ్ అని హైదరాబాద్‌లో పుట్టినాయన, సికింద్రాబాద్ క్లబ్బుల్లో ఆడి మిలిటరీకి పోయిండు. మొదట ఆయన సెంటర్ ఫార్వర్డ్. తర్వాత గోల్ కీపర్‌గా మారిండు. ఆసియాలోనే గొప్ప కీపర్ అని పేరొచ్చింది. 1962 ఫైనల్‌లో గోల్‌లో నిలబడ్డది ఆయనే. అంటే ఆ రోజు ఒకే టీంలో వెనక నుంచి ముందుకు పోయిన మనిషి ఉన్నడు, ముందు నుంచి అందరికంటే వెనకకు వచ్చిన మనిషి ఉన్నడు. ఇది చదివినంక నాకు కొంచెం ధైర్యం వచ్చింది. పూర్తిగా కాదు.

పి.ఇ.టి. మేడమ్ గారికి నా మనవి. రెండు ప్రాక్టీసు మ్యాచ్‌లు మాత్రమే చూడండి. ఒక్కటి చూసి ఆపొద్దు, కొత్త జాగలో మొదటి రోజు ఎవ్వరైనా తికమక పడుతరు. ఆమెకు ఆఫ్‌సైడ్ ఇంకా సరిగ్గా అర్థం కాలేదు, అది నేను రాత్రి స్టడీ అవర్ అయినంక చాక్‌పీసుతో నేల మీద గీసి చెప్త. (వార్డెన్ మేడమ్, తుడిచేస్తం.) రెండు మ్యాచ్‌లు అయినంక కూడా బాగా లేకపోతే మీ ఇష్టం. ఆమె తప్పకుండా గోల్ కొడుతదని నేను రాసి ఇయ్యలేను. నేను వెనక గోల్ వదలనని కూడా రాసి ఇయ్యలేను.

లైను బయట నిలబడేవాళ్లకు ఇంకొక మనవి. ఆమె బాల్ ఆపినప్పుడు పేరు పెట్టి అరవకండి, కనీసం ఆ రెండు మ్యాచ్‌లు. ఆమె బాల్‌ను చూడక మన దిక్కు చూస్తది. వాచ్‌మన్ అనే పేరు కూడా ఆపుండ్రి. నేను కూడా ఆపిన.

ఈ చార్టు రాస్తున్న సంగతి ఆమెకు నిన్న చెప్పిన. మొదట కోపం చేసింది. తర్వాత "నీ జెర్సీ నాకు పొట్టిగ అయితదే" అన్నది. అంటే ఒప్పుకున్నట్టే అనుకుంటున్న. తొమ్మిదో నంబరు ఉతికి డార్మిటరీ వెనక తాడు మీద ఆరేసిన. నాలుగో నంబరు నాకు భుజాల దగ్గర వదులు. పిన్నీసు ఉన్నవాళ్లు ఎవరైనా శనివారం పొద్దున లోపల ఒకటి ఇయ్యండి.

— 9వ తరగతి, బి సెక్షన్
(ఇప్పటికైతే 9వ నంబరు)