బిలాస్‌పూర్‌లో కొత్త కాపురం: జీతం లెక్కలో చేరని దూరం

ఎనిమిదో కేంద్ర వేతన సంఘం విధివిధానాలకు కేంద్ర మంత్రివర్గం 2025 అక్టోబరు 28న ఆమోదం తెలిపింది. జస్టిస్ రంజనా ప్రకాశ్ దేశాయ్ అధ్యక్షతన ఏర్పాటైన ఈ సంఘం 18 నెలల్లో తన సిఫార్సులను సమర్పించవలసి ఉంది. కనీస వేతనం ఎంతకు పెరుగుతుంది, ఫిట్‌మెంట్ గుణకం ఎంత ఉంటుంది అన్న ప్రశ్నల చుట్టూనే ప్రస్తుతం చర్చ సాగుతోంది. సొంత ఊరికి వందల కిలోమీటర్ల దూరాన ఉద్యోగంలో చేరి, అక్కడే కాపురం పెట్టి, తొలి సంతానం కోసం ఎదురుచూస్తున్న చిన్న ఉద్యోగి నెలసరి ఖర్చు ఈ లెక్కల్లో ఎక్కడ ఉందన్నది మాత్రం అంతగా వినిపించని ప్రశ్న. ఛత్తీస్‌గఢ్‌లోని రైల్వే పట్టణం బిలాస్‌పూర్‌లో స్థిరపడుతున్న తెలుగు కుటుంబాల పరిస్థితిని పరిశీలిస్తే ఆ ప్రశ్న ఎంత బలమైనదో అర్థమవుతుంది.

బిలాస్‌పూర్‌తో తెలుగువారి అనుబంధం కొత్తది కాదు. 1887లో ఏర్పడిన బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే ఈ పట్టణాన్ని ప్రధాన కూడలిగా మలచింది. పార్వతీపురం నుంచి రాయ్‌పూర్‌కు రైలు మార్గం 1931లో పూర్తయ్యాక ఉత్తరాంధ్రకు మధ్య భారతానికి నేరుగా దారి ఏర్పడింది. ఖరగ్‌పూర్, బిలాస్‌పూర్, నాగ్‌పూర్ రైల్వే కాలనీలలో తెలుగు వినిపించడం ఆనాటి నుంచి వస్తున్నదే. 2003 ఏప్రిల్ 1 నుంచి బిలాస్‌పూర్ ఆగ్నేయ మధ్య రైల్వేకు ప్రధాన కేంద్రంగా పనిచేస్తోంది. రైల్వే నియామక బోర్డుల పరీక్షలు తెలుగులోనూ రాసే వీలున్నందున, ఖాళీల సంఖ్యను చూసుకుని బిలాస్‌పూర్ బోర్డును ఎంచుకునే అభ్యర్థులు శ్రీకాకుళం, విజయనగరం వంటి జిల్లాల్లో కనిపిస్తారు. తాతల కాలంలో వలస వచ్చినవారికి అక్కడ బంధుబలగం ఉంది. పరీక్ష రాసి ఒంటరిగా వచ్చినవారికి అది లేదు. ఖర్చుల విషయంలో ఈ తేడా చిన్నది కాదు.

ముందుగా జీతం సంగతి చూద్దాం. మూడో గ్రేడు టెక్నీషియన్‌గా గానీ, అసిస్టెంట్ లోకో పైలట్‌గా గానీ చేరిన ఉద్యోగికి ఏడో వేతన సంఘం రెండో స్థాయి ప్రకారం మూల వేతనం 19,900 రూపాయలు. 2025 జులై నుంచి అమలైన 58 శాతం కరవు భత్యం లెక్కన మరో 11,542 రూపాయలు కలుస్తాయి. ఇంటి అద్దె భత్యం 1,990, రవాణా భత్యం దానిపై కరవు భత్యంతో కలిపి 1,422 రూపాయలు. అంతా కూడితే టెక్నీషియన్‌కు 34,854 రూపాయలు వస్తాయి. లోకో పైలట్లకు రన్నింగ్ భత్యం అదనం. పింఛను పథకం కింద పది శాతం, అంటే 3,144 రూపాయలు తగ్గిస్తే టెక్నీషియన్ చేతికి అందేది దాదాపు 31,700. ఇతర చిన్న కోతలు ఉండనే ఉంటాయి. చిన్న పట్టణంలో ఇద్దరు మనుషులకు ఇది చాలదని ఎవరూ అనరు. లెక్క తప్పేది ముగ్గురు కాబోతున్నప్పుడు.

అద్దె భత్యాన్నే తీసుకుంటే, కేంద్ర ప్రభుత్వం నగరాలను జనాభా ప్రాతిపదికన ఎక్స్, వై, జెడ్ అని మూడు తరగతులుగా విభజించింది. 50 లక్షలు దాటితే మూల వేతనంలో 30 శాతం, 5 లక్షలు దాటితే 20 శాతం, అంతకు లోపు ఉంటే 10 శాతం. 2011 జనాభా లెక్కల్లో బిలాస్‌పూర్ పట్టణ సముదాయం ఐదు లక్షలకు చేరలేదు. అందువల్ల అది జెడ్ తరగతిలోనే ఉండిపోయింది. అదే హోదాలో విశాఖపట్నంలో పనిచేసే ఉద్యోగికి 3,980 రూపాయలు అందుతుంటే బిలాస్‌పూర్ ఉద్యోగికి అందులో సగమే దక్కుతోంది. ఏడాదికి తేడా 23,880 రూపాయలు. ఈ పద్నాలుగేళ్లలో బిలాస్‌పూర్ ఎంతో విస్తరించింది. రాష్ట్ర హైకోర్టు, రైల్వే జోన్, సౌత్ ఈస్టర్న్ కోల్‌ఫీల్డ్స్ ప్రధాన కార్యాలయాలు, కేంద్రీయ విశ్వవిద్యాలయం ఉన్న ఊరిలో ఇళ్లకు గిరాకీ ఎలా ఉంటుందో ఊహించడం కష్టం కాదు. తదుపరి జనగణన 2027లో పూర్తయి, ఆ అంకెల ఆధారంగా వర్గీకరణ మారేవరకూ అక్కడి ఉద్యోగికి పాత జనాభా లెక్కే గతి.

రైల్వే క్వార్టరు దొరికితే ఈ చిక్కు చాలావరకు తీరుతుంది. అద్దె భత్యం పోయినా, స్వల్ప లైసెన్సు రుసుముతో ఇల్లు, నీరు, పక్కనే ఆసుపత్రి, ఇరుగుపొరుగు దక్కుతాయి. దొరకని వారు బయట అద్దెకు ఉండక తప్పదు. బయట ఉంటే కరెంటు బిల్లు కూడా లెక్కలోకి వస్తుంది. ఛత్తీస్‌గఢ్ ప్రభుత్వం సగం బిల్లు పథకం పరిమితిని 2025 ఆగస్టులో 400 యూనిట్ల నుంచి 100కు తగ్గించి, విమర్శల తర్వాత డిసెంబరు నుంచి 200కు పెంచింది. వేసవిలో కూలర్ ఆపకుండా తిరిగే ఊరిలో, పసిబిడ్డ ఉన్న ఇంటికి ఇది పట్టించుకోదగ్గ మార్పే.

తిండి ఖర్చు విషయంలో బిలాస్‌పూర్ కుటుంబం అంతగా నష్టపోదు. వరి పండే నేల అది. రైల్వే ప్రాంతంలోని బుధవారీ బజారులో కూరగాయలకు కొదవ లేదు. ఆవకాయ, చింతపండు, ఎండుచేపలు ఊరి నుంచి వచ్చే సంచుల్లో ఎలాగూ చేరుతాయి. పాలసీసాలు, పసిపిల్లల నాప్‌కిన్ల వంటి వాటిపై జీఎస్టీ 2025 సెప్టెంబరు 22 నుంచి 12 శాతం నుంచి 5 శాతానికి తగ్గడం కొంత ఊరట.

అసలు భారం ప్రయాణాలది. సీమంతానికి ఒకసారి, పురిటికి కన్నవారింట దిగబెట్టడానికి ఒకసారి, బిడ్డ పుట్టినప్పుడు, బారసాలకు, తల్లీబిడ్డలను తిరిగి తీసుకురావడానికి మరోసారి. ఈ మధ్యలో సంక్రాంతి రానే వస్తుంది. బిలాస్‌పూర్ నుంచి విశాఖకు ఆరు వందల కిలోమీటర్లకు పైబడిన దూరం. రాయ్‌పూర్, టిట్లాగఢ్, రాయగడ, పార్వతీపురం, బొబ్బిలి, విజయనగరం మీదుగా సాగే కోర్బా–విశాఖపట్నం ఎక్స్‌ప్రెస్ ఈ కుటుంబాలకు జీవనాడి వంటిది. 2024 సెప్టెంబరులో మొదలైన విశాఖ వందే భారత్ దుర్గ్ నుంచి రాయ్‌పూర్ మీదుగా వెళ్తుంది కాబట్టి బిలాస్‌పూర్ వాసులకు నేరుగా అక్కరకు రాదు.

రైల్వే ఉద్యోగికి పాసులుంటాయి గదా అన్న సందేహం సహజం. నిబంధన అక్కడే అడ్డుపడుతోంది. గ్రూప్-సి ఉద్యోగికి సర్వీసులో మొదటి ఐదేళ్లు ఏడాదికి ఒక్క సెట్టు పాసే లభిస్తుంది. ఆ తర్వాతే మూడు సెట్లు. మూడో వంతు ఛార్జీతో ప్రయాణించే పీటీవోలు నాలుగు సెట్లు ఉన్నా, వాటికి డబ్బు కట్టాలి. ఉద్యోగంలో చేరిన మూడు నాలుగేళ్లలోనే పెళ్లి, తొలి కాన్పు జరగడం మన సమాజంలో సాధారణం. ప్రయాణాలు అత్యధికంగా ఉండే కాలంలోనే పాసులు అత్యల్పంగా ఉంటున్నాయన్నమాట. ఇక పురుడు పోయడానికి బిలాస్‌పూర్ వచ్చే అత్తగారికి పాసులో చోటు లేదు. తండ్రి జీవించి ఉంటే ఉద్యోగి కన్నతల్లి కూడా ఆధారిత బంధువుల జాబితాలోకి రారు. వారి టిక్కెట్టు ఇంటి ఖర్చులోంచే పోవాలి.

కాన్పు ఎక్కడ అన్నది ఇందుకు ముడిపడిన మరో నిర్ణయం. బిలాస్‌పూర్‌లోని రైల్వే కేంద్రీయ ఆసుపత్రిలో ఉద్యోగి భార్యకు ఉచిత వైద్యం లభిస్తుంది. అయితే హిందీ రాని కొత్త కోడలికి, తోడుగా ఆడమనిషి లేని ఇంటికి ఆ ఉచితం పూర్తి భరోసా ఇవ్వదు. భర్తకు పితృత్వ సెలవు 15 రోజులే. కన్నవారింటికి వెళ్తే తోడు దొరుకుతుంది గానీ, దగ్గరలో రైల్వే ఆసుపత్రి లేని ఊళ్లలో ప్రైవేటు ఆసుపత్రి బిల్లు సొంతంగా భరించాలి. అత్యవసర పరిస్థితి కాకుండా ప్రైవేటు వైద్యానికి అయిన ఖర్చును తిరిగి రాబట్టుకోవడం తేలిక కాదు. ఆ నాలుగైదు నెలలు ఇక్కడ అద్దె, అక్కడ మందులు, ఇద్దరి మధ్య రాకపోకలు కలిసి ఒకే జీతం మీద రెండు ఇళ్లు నడుస్తాయి.

కనీస వేతనాన్ని నిర్ణయించే సూత్రంలోకి తొంగిచూస్తే ఈ ఖర్చు ఎందుకు కనిపించదో తెలుస్తుంది. 1957 నాటి 15వ భారత కార్మిక సదస్సు అంగీకరించిన ప్రమాణాల ప్రకారం కుటుంబమంటే మూడు వినియోగ యూనిట్లు. భర్తకు ఒకటి, భార్యకు 0.8, ఇద్దరు పిల్లలకు చెరి 0.6. తల్లిదండ్రులకు చోటు లేదు. ఏడో వేతన సంఘం ఈ ప్రమాణాలతోనే ఆహారం, దుస్తులు, ఇంధనం లెక్కగట్టింది. పెళ్లిళ్లు, పండుగలు, వినోదం కింద పెట్టవలసిన 25 శాతాన్ని, విద్య, వైద్యం వేరే సదుపాయాల రూపంలో అందుతున్నాయన్న కారణంతో 15 శాతానికి తగ్గించింది. ఇంటికి మూడు శాతం జోడించింది. చివరకు 18,000 రూపాయలకు వచ్చి ఆగింది. ఉద్యోగ సంఘాలు అప్పట్లో కోరినది 26,000. సదస్సు ప్రమాణాలు రూపొందిన కాలంలో కార్మికుడు మిల్లు పక్కనే కుటుంబంతో నివసిస్తాడన్నది అంతర్లీన భావన. సొంతూరికి వెళ్లి రావడమన్నది ఆ సూత్రంలో ఒక పద్దుగా లేనే లేదు. కరవు భత్యం కూడా అఖిల భారత పారిశ్రామిక కార్మికుల వినియోగ ధరల సూచీని అనుసరించి మారుతుందే తప్ప, ఒక కుటుంబం ఎంత దూరాన ఉందో దానికి తెలియదు.

దూరానికి పరిహారం ఇవ్వడం ప్రభుత్వానికి కొత్త కాదు. విదేశాల్లోని భారత రాయబార కార్యాలయాల సిబ్బందికి ఆయా నగరాల ధరలను బట్టి విదేశీ భత్యం ఉంది. ఈశాన్య రాష్ట్రాల్లో పనిచేసే కేంద్ర ఉద్యోగులకు మూల వేతనంలో పది శాతం ప్రత్యేక విధి భత్యం ఉంది. బిలాస్‌పూర్‌ను వీటితో సమానం చేయమనడం అతిశయోక్తే అవుతుంది. కానీ మొదటి ఐదేళ్ల పాసు నిబంధనను సడలించడానికి, కాన్పు ఏడాదిలో తల్లికో అత్తకో ఒక పాసు ఇవ్వడానికి ఖజానాపై పెద్ద భారం పడదు. పిల్లల విద్యా భత్యం నెలకు 2,812 రూపాయల 50 పైసలు ఉన్నా, అది బిడ్డ నర్సరీలో చేరాకే మొదలవుతుంది. పుట్టిన నాటి నుంచి అప్పటిదాకా, ఖర్చు కొత్తగా వచ్చిపడే సంవత్సరాలకు ప్రత్యేక భత్యమేదీ లేదు.

ఇంతవరకూ చెప్పుకున్నది పర్మనెంటు ఉద్యోగి సంగతి. అదే పట్టణంలో గుత్తేదారుల కింద పనిచేసే కార్మికుడికి పాసులు లేవు, క్వార్టరు లేదు. అర్హత ఉంటే ప్రధానమంత్రి మాతృ వందన యోజన కింద అతని భార్యకు తొలి కాన్పుకు 5,000 రూపాయలు లభిస్తాయి. ఛత్తీస్‌గఢ్ ప్రభుత్వం వివాహిత మహిళలకు నెలకు వెయ్యి రూపాయలిచ్చే మహతారీ వందన్ పథకానికి ఆ రాష్ట్ర నివాసిగా రుజువు కావాలి. సొంతూరి చిరునామాతోనే ఆధార్, రేషన్ కార్డులున్న కుటుంబానికి ఇది మొదటి అడ్డంకి.

ఈ పరిస్థితుల్లో యువ ఉద్యోగులు ఎక్కువగా ఆశ పెట్టుకునేది బదిలీ మీద. విశాఖ కేంద్రంగా దక్షిణ కోస్తా రైల్వే జోన్ ప్రధాన కార్యాలయానికి 2025 జనవరి 8న ప్రధానమంత్రి శంకుస్థాపన చేశాక ఆ ఆశ ఇంకా పెరిగింది. అయితే సొంత అభ్యర్థనపై జోన్ మారితే అక్కడి సీనియారిటీ జాబితాలో అందరికంటే కింద చేరాలి. పదోన్నతి వెనక్కి పోతుంది, దానితో పాటే పెరగవలసిన జీతమూ. పరస్పర బదిలీకి అదే కేడరులో విశాఖ నుంచి బిలాస్‌పూర్ రావడానికి ఇష్టపడే వ్యక్తి దొరకాలి. ఎదురుచూపు ఏళ్ల తరబడి సాగుతుంది. ఈలోగా ఆ ఇంటి బిడ్డ బిలాస్‌పూర్ బడిలో హిందీ అక్షరాలు దిద్దడం మొదలుపెడుతుంది.