పాత స్పాంజి తోడు

ఆదివారం పొద్దున ఇంటాయన చేపల తొట్టి కడగడానికి కూర్చుంటాడు. ఫిల్టర్ విప్పితే లోపలి స్పాంజి గోధుమరంగు జిగురు పట్టి బరువెక్కి ఉంటుంది. నల్లా కింద పెట్టి తెల్లటి నీళ్లు కారేదాకా పిండుతాడు. మరీ పాతబడిందనిపిస్తే పారేసి కొత్తది బిగిస్తాడు. తొట్టి అద్దంలా మెరుస్తుంది. రెండు మూడు రోజులకే చేపలు పైకి తేలి నోళ్లు తెరుస్తుంటాయి. బడి నుంచి వచ్చిన పాప తొట్టి ముందు నిలబడి అడుగుతుంది: ‘నీళ్లు తేటగనే ఉన్నయి గద నాయినా, చేప ఎందుకు సచ్చిపోయింది?’

తేట నీళ్లన్నీ మంచినీళ్లు కావని నల్గొండకు ఒకరు చెప్పనక్కర్లేదు. మర్రిగూడ, మునుగోడు వైపు బోరు నీళ్లు చూడ్డానికి తేటగానే ఉండేవి. వాటిలోని ఫ్లోరైడ్ పళ్లకు గార పట్టించింది, నడుములు వంచింది. పటిక, సున్నంతో ఆ ఫ్లోరైడ్‌ను తగ్గించే పద్ధతిని నాగపూర్‌లోని ‘నీరి’ సంస్థ రూపొందించినప్పుడు దానికి ‘నల్గొండ టెక్నిక్’ అనే పేరొచ్చింది. చేపల తొట్టిలో అలా కంటికి కనపడని విషం అమోనియా. చేపల విసర్జనల నుంచి, తినకుండా మిగిలిన మేత నుంచి పుట్టి మొప్పలను కాలుస్తుంది.

ఆ విషాన్ని విరిచేది మనం మురికి అనుకుని కడిగేసిన జిగురే. అందులో కాపురముండే బాక్టీరియాలో ఒక రకం అమోనియాను నైట్రైట్‌గా మారుస్తుంది. ఇంకో రకం ఆ నైట్రైట్‌ను అంత హాని లేని నైట్రేట్‌గా మారుస్తుంది. ఈ జీవులను 1890ల మొదట్లో వినోగ్రాడ్‌స్కీ అనే శాస్త్రవేత్త వేరుచేసి చూపాడు. రెండు పనులనూ ఒక్కటే చేసే బాక్టీరియా కూడా ఉందని 2015లో గాని తెలియలేదు. అది దొరికిన చోట్లలో చేపల పెంపకపు ఫిల్టర్ ఒకటి. మనం చెత్తబుట్టలో వేసే వస్తువులోనే అంత విజ్ఞానం ఉంది.

ఈ బాక్టీరియా నీళ్లలో తేలుతూ తిరిగేది తక్కువ. స్పాంజి రంధ్రాలనూ సెరామిక్ ముక్కలనూ అడుగున ఉన్న గులకరాళ్లనూ పట్టుకుని బతుకుతుంది. ఎదుగుదల బహు నెమ్మది. కొత్త తొట్టి కుదుటపడటానికి నాలుగు నుంచి ఆరు వారాలు పట్టేది అందుకే. నల్లాలో వచ్చే కృష్ణా నీళ్లలో క్లోరిన్ ఉంటుంది. మన కడుపును కాపాడేది అదే, ఈ జీవులకు చేటు చేసేదీ అదే.

దారి మన వంటింట్లోనే ఉంది. పెరుగు గిన్నె ఎంత శుభ్రంగా తోమినా, నిన్నటి పెరుగు చెంచాడు లేకపోతే పాలు తోడుకోవు. స్పాంజి సంగతీ అంతే. తొట్టిలోంచి తోడిన నీళ్లను బకెట్లో పోసి, అందులోనే దాన్ని రెండు మూడుసార్లు మెల్లగా పిండితే చాలు. తెల్లబడేదాకా పిండొద్దు. మార్చక తప్పనప్పుడు కొత్త స్పాంజిని పాతదాని పక్కన పెట్టి నెల పైచిలుకు రెండింటినీ కలిపి నడపాలి, ఆ తర్వాతే పాతది తీయాలి. జాగా లేకపోతే సగం ఇప్పుడు, సగం తర్వాత. స్పాంజి మార్చిన రోజే గులకరాళ్లు కడగొద్దు. నాలుగు రోజులు మేత తగ్గించాలి. సెరామిక్ ముక్కలు పొడిగా రాలిపోయేదాకా పనికొస్తాయి. నల్లా నీళ్లు కొత్తగా పోయాలంటే ఒక రోజు వెడల్పాటి పాత్రలో నిలవ ఉంచాలి, లేదా క్లోరిన్ విరుగుడు మందు కలపాలి.

మహబూబ్‌నగర్ పక్కనున్న పిల్లలమర్రిని చూసినవారికి, పాతదాని పక్కనే కొత్తది కుదురుకోవాలన్న ఈ మాట ఇట్టే అర్థమవుతుంది. ఏడు వందల ఏళ్ల నాటిదని చెప్పుకునే ఆ చెట్టుకు మొదటి మాను ఏదో ఇవాళ వేలు పెట్టి చూపడం కష్టం. ఊడ నేలను తాకి, వేరూని, బరువు మోసేదాకా పాత మానే కొమ్మను ఎత్తి పట్టుకుంటుంది. 2017 చివర్లో పెద్ద కొమ్మ విరిగిపడి సందర్శకులను ఆపాల్సి వచ్చింది. చెట్టును బాగుచేయడానికి పూనుకున్నవారు తొందరపడలేదు. 2018లో చెదలు మందును సెలైన్ సీసాల్లోంచి చుక్కచుక్కగా ఎక్కించారు, వాలిన కొమ్మల కింద దిమ్మెలు కట్టి దన్ను ఇచ్చారు.

మార్పు వద్దని ఎవరూ అనరు. స్పాంజి చివికిపోతుంది, మాను పుచ్చిపోతుంది. కాకపోతే పాతది చేస్తున్న పని కొత్తది నేర్చుకునేదాకా రెండూ ఒకచోట ఉండాలి. వచ్చే ఆదివారం పాపను పక్కన కూర్చోబెట్టుకుని స్పాంజి పిండండి. ఆమె అడిగిన ప్రశ్నకు జవాబు బకెట్లో కనిపిస్తుంది. ఆ గోధుమరంగు నీళ్లు మోరీలో పారబోయకండి. అందులో మొక్కలకు పనికొచ్చే నైట్రేట్ ఉంది. గుమ్మం ముందరి తులసికి పోయమని పాప చేతికే ఇవ్వండి.